శాతం రాసే ముందు

(కమలా నింబ్కర్ స్మృతిలో, ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు, అధ్యాపకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్మారకోపన్యాసమంటే స్మరించే మనిషి గురించి పది నిమిషాలు మాట్లాడి, మిగతా సమయమంతా వక్త తనకు తోచింది చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ పది నిమిషాల్ని రెండుకు కుదిస్తాను, నింబ్కర్ గారు ఏమీ అనుకోరు. అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, మరాఠీ ఇంటి కోడలై, ఈ దేశాన్ని తన దేశం చేసుకున్నావిడ. 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మన దేశపు మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు పెట్టారు. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల అఖిల భారత సంఘం వచ్చింది. అదే ఏడాది ఏర్పడిన ప్రపంచ సమాఖ్యను నిలబెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. చేతికి పని దొరికితే మనిషి కోలుకుంటాడన్న నమ్మకం మీద కట్టిన స్కూలు అది. ఆ పరంపరలో చదివి బయటికొచ్చిన కొత్త థెరపిస్టును నిలబెట్టి, "ఈయన సోమవారం నుంచి పనిలోకి వెళ్లవచ్చా?" అని అడిగితే నీళ్లు నములుతున్నాడు. ఇవాళ నా మాటలన్నీ ఆ నీళ్లు నమలడం గురించే.

కారణం తెలియనిదేం కాదు. మన పిల్లలు వెల్లూరు వెళ్లి, కటక్ దగ్గరి ఒలట్‌పూర్ వెళ్లి, మణిపాల్ వెళ్లి చదువుకుని వస్తారు. వచ్చాక ఉద్యోగం ఎక్కడ? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లల థెరపీ సెంటర్లో. ఆటిజం ఉన్న పిల్లవాడికి చెంచా పట్టుకోవడం నేర్పడం గొప్ప పనే, నేను కాదనను. ఆ సెంటర్ల జీతాల మీదే మన వృత్తి ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో బతికి బట్టకట్టింది. కాకపోతే వేళ్లు తెగిన కూలీ, నడుం పట్టేసిన హమాలీ, కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు మన గుమ్మం దాకా రావడం లేదు. వాళ్లను ఎక్కువగా చూడనివాడికి వాళ్ల పని గురించి తీర్పు చెప్పే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

అయితే ధైర్యం ఒక్కటే సమస్య అనుకోను. కొత్తవాళ్లకు మనం కొలవడం నేర్పుతున్నాం. దేనికోసం కొలుస్తున్నారో నేర్పడం లేదు. పని చేయగల సత్తా ఒంట్లో ఒక్కచోటే ఉండేది కాదు, ఆ ఒంటికీ ఆ పనికీ మధ్య ఉంటుంది. పనిని చూడకుండా ఒంటిని ఎంత కొలిచినా సగం పేజీ ఖాళీయే.

సిరిసిల్లనే తీసుకుందాం. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక్కో కార్మికుడు ఒకేసారి నాలుగో ఆరో ఎనిమిదో సాంచాలు చూసుకుంటాడు. కూలి మీటరు లెక్కన. సాంచా ఆగిందంటే కూలి ఆగినట్టే. పోగు తెగుతుంది. తెగిన కొసను వెతికి పట్టుకుని, కొత్త ముక్క జోడించి, ముడివేసి, దాని వరసలోకి లాగి మళ్లీ నడిపించాలి. నాడెలో కండె అయిపోతే మార్చాలి. ఇదంతా బొటనవేలి కొసా చూపుడువేలి కొసా చేసుకుపోతాయి. కళ్లు అప్పటికే పక్క సాంచా మీదికి వెళ్లిపోయి ఉంటాయి.

అలాంటి ఒకాయనకు కుడిచేతి చూపుడువేలి చివరి కణుపు తెగిపోయిందనుకోండి. పుండు మానింది. మన విద్యార్థి పుస్తకంలో చెప్పినట్టే చేస్తాడు. మోచేయి తొంభై డిగ్రీలు వంచి పక్కకు ఆనించమంటాడు, జామర్ డైనమోమీటరు చేతికిస్తాడు, మూడుసార్లు నొక్కించి సగటు తీస్తాడు. గట్టిగా పిడికిలి బిగించడంలో మిగతా మూడు వేళ్లదే ఎక్కువ వాటా కనుక అంకె పెద్దగా తగ్గదు. "చేతి పట్టు దాదాపు సాధారణం" అని రాస్తాడు. రాసినదాంట్లో అబద్ధం ఒక్కముక్క లేదు. ఆ కాగితం పట్టుకుని ఆయన కార్ఖానాకు వెళ్తాడు. పోగు తెగుతుంది. మొండి వేలికి నూలు తగలగానే కరెంటు షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఆ వేలిని తప్పించి నడిమి వేలితో వేద్దామంటే ముడి జారిపోతుంది. ఒక్క ముడికి రెట్టింపు సమయం పడితే ఈలోపు పక్కన రెండు సాంచాలు ఆగి కూర్చుంటాయి. వారం తిరిగేసరికి కూలి సగమైతే ఇంట్లో ఏం చెబుతాడు? సాంచాల యజమాని, అంటే ఆసామి, మాత్రం ఎన్ని వారాలు ఓర్చుకుంటాడు?

ఆ కార్ఖానాలో ఒక పూట నిలబడి వచ్చిన విద్యార్థి ఇలా చేయడు. డైనమోమీటరు పక్కనపెట్టి బల్ల మీద నూలు పోగులు పరుస్తాడు. నిమిషానికి ఎన్ని ముళ్లు పడుతున్నాయి, అందులో ఎన్ని జారుతున్నాయి, చూడకుండా వేయగలుగుతున్నాడా అని చూస్తాడు. మొండి వేలిని రోజూ దూదితో, తర్వాత గరుకు గుడ్డతో, తర్వాత గిన్నెడు బియ్యంలో ముంచి అలవాటు చేయిస్తాడు. నడిమి వేలితో ముడి సాధన చేయిస్తాడు. ఇక రిపోర్టు: "కండెలు చుట్టే పనికి ఇప్పుడే వెళ్లవచ్చు. సాంచాల మీదైతే ప్రస్తుతం రెండు. ఆరు వారాలకు మళ్లీ చూసి పెంచాలి." మూడు వాక్యాలు. కార్మికుడికీ పనికొస్తుంది, ఆసామికీ పనికొస్తుంది, రేపు పరిహారం లెక్కగట్టే అధికారికీ పనికొస్తుంది.

అదే వేలును చట్టం ఎలా చూస్తుందో చెప్పాలి. 1923 నాటి కార్మిక పరిహార చట్టానికి ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. చూపుడువేలు మొత్తం పోతే 14, చివరి కణుపు ఒక్కటే పోతే 9. ఈ పట్టిక 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ నడిచి వచ్చింది. దాన్ని నేను తిట్టను. బేరమాడే బలం లేనివాడికి కనీసం ఇంత అని చెప్పే కాగితం అది. కానీ గుమాస్తా వేలు, దర్జీ వేలు, సిరిసిల్ల వేలు దానికి ఒకటే వేలు. ఇక పట్టికలో లేని గాయాలు, అంటే నడుములు, మెడలు, భుజాలు ఉన్నాయి కదా, వాటికి సంపాదించే శక్తి ఎంత తగ్గిందో అర్హత ఉన్న డాక్టరు చెప్పాలి. చట్టంలో సంతకం డాక్టరుదే. మన పేరు అక్కడ లేదు. దీని మీద మన సభల్లో చాలా ఆవేదన వినిపిస్తుంది. ఆవేదన సరే, ఆ డాక్టరు తన అభిప్రాయానికి ఆధారంగా పెట్టుకోదగ్గ రిపోర్టు మనం ఇస్తున్నామా అన్నది ముందు చూసుకోవాలి.

కోర్టులు ఈ విషయంలో మన సిలబస్ కంటే ముందున్నాయి. ఒక వడ్రంగి సినిమా హాల్లో నగిషీ పని చేస్తూ పడిపోయాడు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అతని నష్టం నూటికి నూరుపాళ్లు అని 1975 డిసెంబరులో కోర్టు తేల్చింది. తర్వాత 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఇంకా విడమరిచి చెప్పింది: కాలికో చేతికో ఇంత శాతం వైకల్యమన్నది ఒకటి, దానివల్ల సంపాదన ఎంత పోయిందన్నది ఇంకొకటి. ముందు ఆ మనిషి ఏ పని చేసేవాడో, ఎంత వయసో, ఇప్పుడు ఏం చేయగలడో, ఏం చేయలేడో తెలుసుకుని ఆ తర్వాతే లెక్క కట్టాలి. చెయ్యి పోయిన డ్రైవరుకు జరిగే నష్టం, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు జరగదని ఉదాహరణ కూడా ఇచ్చింది. ఆక్యుపేషనల్ థెరపీ మొదటి ఏడాది పాఠాన్ని న్యాయమూర్తి రాసినట్టుంటుంది ఆ తీర్పు. విద్యార్థులు దాన్ని తప్పకుండా చదవాలి.

ఇక మన పరికరాల సంగతి. పని సామర్థ్య పరీక్షలు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చాయి. అక్కడి ఉద్యోగాల నిఘంటువు పనుల్ని బరువును బట్టి ఐదు మెట్లుగా విడగొట్టింది. ఎప్పుడైనా నాలుగున్నర కిలోలు ఎత్తితే కూర్చుని చేసే పని, తొమ్మిది వరకు తేలిక, 23 వరకు మధ్యస్తం, 45 వరకు బరువు, అది దాటితే మహా బరువు. "ఎప్పుడైనా" అంటే పనిదినంలో మూడో వంతుకు మించకుండా. ఈ పట్టికను గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లండి. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైమాటే. సీజన్లో హమాలీ దాన్ని ఎప్పుడైనా ఎత్తడు, పొద్దస్తమానం ఎత్తుతాడు. వీపు మీద వేసుకుని నడుస్తాడు, కాటాకు పెడతాడు, లారీలో వరసలు పేరుస్తాడు. గాల్లో ఘాటు సరేసరి. మీ ఎయిర్‌కండిషన్ గదిలో పెట్టెను నేల మీంచి నడుం దాకా పది నిమిషాలు ఎత్తించి, గుండె వేగం చూసి "బరువు పనికి అర్హుడు" అని రాస్తే, ఆ పట్టికలోని చివరి మెట్టు దగ్గర మొదలయ్యే మనిషి గురించి మీరు ఏం చెప్పినట్టు?

మోకాలి కథ ఇంకా చిన్నది, ఇంకా ఘోరం. కుర్చీలో కూర్చుని లేవడానికి, మెట్లు ఎక్కడానికి వంద డిగ్రీల చిల్లర వంగితే చాలని పుస్తకం అంటుంది. ఆ లెక్కన విరిగిన మోకాలు వంద దాకా వంగితే ఫైలు మూసేస్తాం. బీడీలు చుట్టే ఆవిడ కుర్చీలో కూర్చోదు. చాట ఒళ్లో పెట్టుకుని నేల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది. కలుపు తీసే ఆవిడ గొంతుక్కూర్చుని జరుగుతుంది. వాళ్లకు కావలసింది ఆ వంద తర్వాతి డిగ్రీలు. ఆపైన కేస్ షీటులో వృత్తి దగ్గర "గృహిణి" అని రాసి ఉంటుంది! పత్తి ఏరుతుందా, నాట్లు వేస్తుందా, ఇంట్లో బర్రెలు ఉన్నాయా అని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఇంటిపనికీ విలువ కట్టాలని కోర్టులు ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. మన ఫారంలో మాత్రం ఇంటిపనికి ఇప్పటికీ గడి లేదు.

కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువ దారి తప్పించేది ఒక అనుమానం: ఈయన నిజంగానే చేయలేకపోతున్నాడా, నటిస్తున్నాడా? దీనికి పరికరాలతో సమాధానం ఉందని కొన్ని వర్క్‌షాపుల్లో చెబుతారు. మూడుసార్లు నొక్కిన అంకెల మధ్య తేడా పదిహేను శాతం దాటితే పూర్తి బలం పెట్టడం లేదట. ఆ సూత్రం మీద అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. నొప్పికి భయపడేవాడు మొదటిసారి గట్టిగా నొక్కుతాడు, రెండోసారి వెనకాడతాడు. తేడా వస్తుంది. అది మోసమా? నడుంనొప్పిలో ఐదు గుర్తుల్ని 1980లో గోర్డన్ వాడెల్ అనే స్కాట్లండ్ సర్జన్ వివరించాడు. వాటిని అందరూ దొంగను పట్టే వలగా వాడుకుంటుంటే, అవి మోసాన్ని నిరూపించవని ఆయనే తర్వాత మరో పరిశోధకుడితో కలిసి రాయాల్సి వచ్చింది. విద్యార్థికి నేను చెప్పేది ఇంతే: నువ్వు చూసింది రాయి. "పదోసారి పెట్టె ఎత్తేటప్పుడు కుడికాలు మీదికి బరువు మార్చాడు, ఊపిరి బిగబట్టాడు, ఆపమన్నాడు" అని రాయి. "సహకరించలేదు" అన్న మాట రాసే హక్కు నీకు లేదు. కోర్టులో ఎదుటి వకీలు నిన్ను మొదట పట్టుకునేది ఆ మాట దగ్గరే.

ఒక సంగతి ఒప్పుకుందాం. మన దగ్గరికి వచ్చే మనిషి వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటికి ఒక లెక్క ఉంటుంది. సింగరేణిలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే కొడుక్కు ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది. అక్కడ తండ్రి పనికి పనికిరాననిపించుకోవడానికి వస్తాడు. ఆర్టీసీ డ్రైవరు సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, ఎలాగైనా కొలువు నిలబెట్టుకోవాలని వస్తాడు. రంగులు గుర్తించే చూపు లేదని ఇంటికి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకాయనకు వేరే తగిన ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రైవింగు చేయలేడన్న ఒక్క నిర్ణయంతో మిగతా పనులన్నిటికీ తలుపు మూసేయకూడదని దాని సారం. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో 39కీ 40కీ మధ్య ఉన్న ఒక్క అంకె పింఛను వస్తుందో లేదో తేలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. ఈ ఒత్తిడి నుంచి విద్యార్థిని కాపాడాలని మనం పాఠాల్లో దీని ఊసే ఎత్తం. ఎత్తాలి. ఎవరు ఫీజు కడుతున్నారు, ఎవరికి ఏం కావాలి అన్నది రిపోర్టు మొదలుపెట్టకముందే తనకు తాను చెప్పుకోగలగాలి. పింఛను ఇప్పించడం మన పని కాదు, ఆపడం అంతకన్నా కాదు.

మానసిక అనారోగ్యం గురించి ఒక్క మాట అని వదిలేస్తాను, అది వేరే ఉపన్యాసం. ఐడియాస్ అనే మన దేశపు వైకల్య కొలమానంలో నాలుగు అంశాల్లో పని ఒకటి. క్లినిక్కులో చక్కగా మాట్లాడే మనిషి, కిరాణా కొట్టు కౌంటరులో నలుగురు ఒకేసారి అడిగినప్పుడు చిల్లర లెక్క తప్పుతాడు. అది గదిలో ఎప్పటికీ కనపడదు.

గది దాటి చూడకపోతే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. వెల్లూరులో 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతుల్ని సర్జరీతో సరిచేయడం మొదలుపెట్టాడు. చేతులు తెరుచుకున్నాయి, వేళ్లు కదిలాయి. కొందరు తిరిగొచ్చి గోడు వెళ్లబోసుకున్నారు: ఈ చేతుల్ని చూసి ఎవరూ బిచ్చం వేయడం లేదు, పనిలోకి ఎవరూ పెట్టుకోవడం లేదు. సర్జరీ పరంగా చూస్తే అది విజయమే. ఆ తర్వాత అక్కడే వాళ్లకు పనులు నేర్పే కేంద్రం వచ్చింది, వడ్రంగం బల్ల దాకా నడిపించారు. ఏ సామర్థ్య పరీక్ష అయినా ఆ బల్ల దాకా వెళ్లకపోతే ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆగిపోయినట్టు.

మరి ఎలా నేర్పాలి? నా దగ్గర పెద్ద సిద్ధాంతం లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ప్రతి విద్యార్థినీ ఒక పని స్థలానికి పంపాలి, చూడ్డానికి కాదు, చేయడానికి. హమాలీ మేస్త్రీని అడిగి ఒక గంట బస్తాలు పట్టనివ్వండి. సాంచా దగ్గర ముడి వేయనివ్వండి. పోగు జారినప్పుడు పక్కనున్నావిడ నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆ గంటలో పాఠం చెప్పేది ఆవిడే. తర్వాత టేపుతో, స్ప్రింగు త్రాసుతో, ఫోనులోని స్టాప్‌వాచ్‌తో ఆ పనిని విడగొట్టి రాయమనండి: ఎంత ఎత్తు, ఎంత బరువు, గంటకు ఎన్నిసార్లు, ఎంతసేపు ఊపిరి తీసుకునే సందు. ఆ కాగితం క్లినిక్కు గోడకు అంటించండి. అయిదారేళ్లలో మన ప్రాంతపు పనుల జాబితా తయారవుతుంది, అమెరికా నిఘంటువు కోసం చూడనక్కర్లేదు.

రెండోది, రిపోర్టు రాయడం. ఇప్పుడు మార్కులు పరీక్ష చేసిన తీరుకు వేస్తున్నాం. రిపోర్టును ఒక వకీలుకు, ఒక సూపర్‌వైజరుకు, అసలు మనిషికి చూపించి, వాళ్లకు అర్థమైనదానికి మార్కులు వేయాలి. అసలు మనిషికి ఇచ్చే ప్రతి తెలుగులో ఉండాలి. మన విద్యార్థులకు ఇంగ్లిషులో రాయడం సులువు, ఎందుకంటే ఆ భాషలో అస్పష్టంగా ఉన్నా గంభీరంగా ఉంటుంది. "రోజుకు నాలుగు గంటలు నిలబడగలవు, ఇరవై కిలోలకు మించి ఎత్తకు, గంటకోసారి కూర్చో" అని రాయాల్సి వస్తే తనకే తెలియనిది బయటపడుతుంది.

మూడోది ఎక్కడా జరగడం లేదు, ఖర్చు కూడా లేనిది. ఆరు నెలల తర్వాత ఆ మనిషికి ఫోను చేయడం. మనం పనికి వెళ్లవచ్చన్నాం, వెళ్లాడా? వెళ్లలేడన్నాం, ఎవరితోనూ చెప్పకుండా ఆటో నడుపుతున్నాడా? మన అంచనా నిజమైందో లేదో జీవితంలో ఒక్కసారి కూడా తెలుసుకోకుండానే సీనియర్లం అయిపోతున్నాం. ఇది నా తరానికీ వర్తిస్తుంది. విద్యార్థి లాగ్‌బుక్‌లో చివరి పేజీ ఆ ఫోన్‌కాల్స్‌కి కేటాయించండి. మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న ఆ పేజీ నుంచే అడగండి.

ఏ కాలేజీ అయినా ఈ ఏడాదే మొదలుపెట్టదలచుకుంటే, మొదటి బ్యాచ్‌తో గుంటూరు యార్డుకు నేను వస్తాను. వేసవి ముదరక ముందు సీజన్ ఊపు మీద ఉన్నప్పుడు పెట్టుకుంటే చూడటానికి పని దండిగా ఉంటుంది. తెల్లవారకముందే చేరుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరిచిపోకండి.